కింది ఇంటావిడకు లేని ఓటు

ఆయన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. ఇద్దరం కార్ల సీట్లకు విడిభాగాలు డిజైన్ చేసే ఒకే కంపెనీలో పనిచేసేవాళ్లం. 2018 చివర్లో నా కారు రిపేరుకి ఇచ్చినప్పుడు వారం రోజులు తన కారులో తీసుకెళ్లాడు. నా కారు బాగై వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఒక వారం ఆయన డ్రైవింగ్, ఒక వారం నాది. వెళ్లడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై నిమిషాలు. మంచు పడితే గంట దాటేది.

ఆయనది వరంగల్ దగ్గర ఊరు, మాది గుంటూరు. నేను 2004లో చదువుకోవడానికి నేరుగా ఇక్కడికే వచ్చాను. ఆయన మాత్రం ముందు ఇంగ్లండ్ వెళ్లి, కోవెంట్రీలో తొమ్మిదేళ్లు పనిచేసి, ఆ తర్వాత భార్యతో, కూతురుతో మిషిగన్ వచ్చాడు. ఆ పిల్లకి అప్పటికి తొమ్మిదేళ్లు. తెలుగు కూడా బ్రిటిష్ యాసలోనే మాట్లాడేది. ఇక్కడి స్కూల్లో పిల్లలు దాని చేత 'వాటర్' అనే మాట పదేపదే అనిపించుకుని నవ్వేవాళ్లట.

కారులో ఆయన పాటలు పెట్టేవాడు కాదు. ఫోన్‌లో బ్రిటన్ వార్తలు పెట్టేవాడు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని ఆ దేశం తన జనాన్ని అడిగి అప్పటికి రెండున్నరేళ్లు అయింది. రావాలనే జవాబు వచ్చింది. ఎలా రావాలన్నది మాత్రం తేలక పార్లమెంటులో రోజూ అరుపులు. మేము హైవే ఎక్కేసరికి అక్కడ మధ్యాహ్నం సభ జోరుగా సాగుతుండేది.

నాకు ఆ దేశంతో ఏ సంబంధమూ లేదు. ఒకసారి హీత్రూలో విమానం కోసం నాలుగు గంటలు కూర్చున్నాను, అంతే. అయినా రోజూ వింటుంటే అభిప్రాయాలు పుట్టుకొచ్చాయి. నాకు వాదించడం ఇష్టం. మా ఆయన వాదించడు, ఏమన్నా సరే అంటాడు. ఆ కొరత నాకు కారులో తీరేది.

"యాభై రెండు, నలభై ఎనిమిది. ఇంత తేడాతో ఒక దేశం తలరాత మార్చేస్తారా అన్నా? మా కాలనీ అసోసియేషన్‌లో కంచె రంగు మార్చాలన్నా మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి" అన్నాను ఒక రోజు.

"ఆ రూలు ఆటకు ముందల చెప్పాలె. ఓడినంక చెప్తే తొండి అంటరు" అన్నాడు ఆయన.

"పోనీ మళ్లీ ఒకసారి అడగొచ్చు కదా. అప్పుడు జనానికి ఏం తెలుసు? ఇప్పుడు అన్నీ తెలిశాయి."

"నచ్చిన జవాబు వచ్చేదాంక అడుగుతరా? దాన్ని అడుగుడు అనరు చెల్లె, సతాయించుడు అంటరు."

ఎటు తిరిగినా మా వాదన చివరికి మా సొంత ఊళ్ల దగ్గరికే వచ్చి ఆగేది. "వాళ్లను కనీసం అడిగారు. రాష్ట్రాన్ని విడగొట్టేటప్పుడు మమ్మల్ని ఎవరన్నా అడిగారా?" అన్నాను.

"మిమ్ముల గూడ కలిపి అడిగితే మీరే ఎక్కువ మంది. మేము ఎన్నడన్న గెలుద్దుమా? పోతా అన్నోని సంగతి, పోవద్దన్నోళ్ల ఓట్లతోని తేలుస్తరా?"

"మరి ఎవరిని అడగాలన్నది ఎవరు తేల్చాలి?"

"గదే చెల్లె. అసలు ముచ్చట గక్కడనే ఉన్నది. ఓటు తర్వాత సంగతి. ఎవల్ని లోపలికి పిలిచిన్రు, ఎవల్ని బయట నిలబెట్టిన్రు, గక్కడనే సగం తేలిపోతది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. నేను గమనించాను. వాదనలో నేను గెలిచానేమో అనుకున్నాను తప్ప, ఎందుకు మారిందని అడగలేదు.

జనవరిలో ఒక ఉదయం, ఆ దేశపు ప్రధాని తెచ్చిన ఒప్పందం పార్లమెంటులో చిత్తుగా ఓడిపోయిన మర్నాడు, మంచులో ఒక ట్రక్కు రోడ్డుకు అడ్డంగా తిరిగిపోయి హైవే మొత్తం ఆగిపోయింది. ఆ వారం డ్రైవింగ్ నాది. ముందు కారు ఎర్ర లైట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. నేను మామూలుగానే మొదలుపెట్టాను. బయటికి రావాలని ఓటు వేసినవాళ్లకి అసలు ఏం వేస్తున్నారో తెలుసా, ఎవరి మీదో కోపం తీర్చుకున్నారు, అంతే కదా అన్నాను.

ఆయన ఫోన్‌లో వార్తలు ఆపేశాడు.

"నాకు ఓటుండె చెల్లె."

"మీకా? మీది ఇండియన్ పాస్‌పోర్టే కదా?"

"కామన్వెల్త్ దేశపోళ్లకు, అంటే మనసొంటోళ్లకు, ఉంటది ఆడ. ఆడ ఉంటున్నట్టు లిస్టుల పేరుంటే చాలు. నేను పోయి వేసిన. బయటికి రావాలనే వేసిన."

వైపర్లు తిరుగుతున్నాయి. ఆయన ముందు అద్దంలోంచి చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. నాకు చెబుతున్నట్టు కూడా లేదు.

ఇంగ్లండ్ వెళ్లిన కొత్తలో భార్యకూ పసిపిల్లకూ వీసా పెడితే రెండుసార్లు తిప్పి పంపారట. ఒకసారి పెళ్లి జరిగినట్టు రుజువులు చాలలేదన్నారు. రెండోసారి ఏదో కాగితం మీద తేదీ సరిగా లేదన్నారు. పద్నాలుగు నెలలు పట్టింది. కూతురు నడక నేర్చుకోవడం ఆయన ఫోన్‌లోనే చూశాడు. వాళ్లు వచ్చే నాటికి ఆ పిల్ల ఆయన్ని చూసి భయపడి తల్లి వెనక దాక్కుంది.

తర్వాత కొన్నేళ్లకు వాళ్ల కింది ఫ్లాట్‌లోకి రుమేనియా నుంచి ఒక జంట వచ్చింది. ఆవిడకు యాభై దాటాయి. ఆస్పత్రిలో క్లీనింగ్ పని. భర్త లారీ నడిపేవాడు. ఒక వేసవిలో వాళ్ల కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు సామానంతా ఒక వాన్‌లో వేసుకుని వచ్చారు. శుక్రవారం అక్కడ బయలుదేరి ఆదివారం కోవెంట్రీలో దిగారు. రుమేనియా కూడా యూరోపియన్ యూనియన్‌లోదే కాబట్టి వీసా లేదు, కాగితం లేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన పై కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

"నాకు పద్నాలుగు నెలలు, వాళ్లకు రెండు దినాలు. గా ఆదివారం నా లోపల ఏదో గడ్డకట్టింది చెల్లె. వాళ్ల తప్పేం లేదు. నాకు తెలుసు. కని గడ్డకట్టింది" అన్నాడు.

ఆవిడ మీద మాత్రం ఆయనకు కోపం లేదు. అదే ఆయనకు అంతుబట్టని సంగతి. ఆయనా భార్యా ఇద్దరూ ఉద్యోగాలకు వెళితే, మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చిన పిల్లను చూసుకున్నది ఆవిడే. తనది పొద్దుటి షిఫ్టు కాబట్టి మూడింటికల్లా ఇంట్లో ఉండేది. ఆ పిల్ల ఆవిడని బూని అని పిలిచేది. వాళ్ల భాషలో అమ్మమ్మ అని. ఆవిడ చేతి సూప్ తప్ప వేరే ఏమీ తినేది కాదట. జ్వరం వస్తే కూడా కిందికే వెళ్లి పడుకునేదట.

ఫలితం వచ్చిన పొద్దున ఆయన కూతుర్ని స్కూల్లో దింపడానికి మెట్లు దిగుతున్నాడు. కింద ఆవిడ నిలబడి ఉంది. ఆస్పత్రి యూనిఫాం వేసుకుని ఉంది, కానీ పనికి వెళ్లలేదు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది, మీరు మా కోసమే వేశారు కదా అని.

"అవును, మీకే వేసిన అన్న. ఆమె నా రెండు చేతులు పట్టుకున్నది. థాంక్యూ థాంక్యూ అనుకుంట బిడ్డ తలమీద ముద్దు పెట్టుకున్నది. బిడ్డ నా చెయ్యి పట్టుకునే నిలబడ్డది."

తర్వాతి ఏడాది వాళ్లు వెళ్లిపోయారు. బస్సులో ఎవరో ఆవిడని మీ దేశం పో అన్నారట. భర్త ఇక ఉండనన్నాడు. మళ్లీ అదే వాన్ వచ్చింది. ఈ పిల్ల ఆ వాన్ వెనకాల వీధి మలుపు దాకా పరిగెత్తిందట.

"ఆడ నాలుగేండ్ల సంది ఉంటున్నది ఆమె. పన్ను కట్టింది, వాళ్ల ఆస్పత్రి కడిగింది. ఆమెకు ఓటియ్యలే. ఆమె బతుకు మీద నాకిచ్చిన్రు" అన్నాడు.

నాకు తోచిన ఓదార్పు చెప్పాను. "మీ ఒక్క ఓటుతో అయిందా అన్నా? పది లక్షల పైన తేడా ఉంది. మీరు అటు వేసినా ఇటు వేసినా అదే జరిగేది."

"గా లెక్క నాకు తెల్వదా? వందసార్లు చేసిన" అన్నాడు. "ఇంట్ల గూడ తెల్వదు. నువ్వు ఎవలకు అనకు" అన్నాడు.

"అననన్నా" అన్నాను. ముందు కార్లు కదిలాయి.

ఆ తర్వాత మా వాదనలు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు. కానీ నేను ఎప్పుడూ చూడని ఆ రుమేనియా ఆవిడ మా వెనక సీట్లో కూర్చుని వింటున్నట్టు ఉండేది నాకు. యూనిఫాంలో, ఉబ్బిన మొహంతో. ఆయనకు కూడా అలాగే ఉండేదేమో, ఒక్కోసారి మాట మధ్యలో ఆగిపోయి బయటికి చూసేవాడు. నేనే మళ్లీ ఏదో ఒకటి ఎత్తేదాన్ని. ఆ నిశ్శబ్దం నాకు భరించడం చేతకాలేదు.

ఆ ఏడాది అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో పాట్‌లక్ పెట్టాం. ఏడెనిమిది కుటుంబాలు, తలా ఒక వంటకం చేసి తెచ్చుకుని. ఎవరో బ్రెగ్జిట్ ఊసెత్తారు. రెండో రెఫరెండం పెట్టాలని నేను, ఒకసారి వేసిన ఓటుకు విలువ ఉండాలని ఆయన. కారులో రోజూ ఆడుకునే ఆటే కాబట్టి ఇద్దరికీ మాటలు కంఠతా వచ్చు. కానీ కారులో వినేవాళ్లు ఉండరు. ఇక్కడ చుట్టూ జనం ఉన్నారు, ప్లేట్లు పట్టుకుని, ఒకరి మాటకు ఒకరిని చూసి నవ్వుతూ. నాకు ఉత్సాహం ఎక్కువైంది.

ఆయన నవ్వుతూనే అన్నాడు. "ఓడిపోయినోళ్లకే రెండోసారి ఓటు యాదికొస్తది. మా చెల్లెను చూడున్రి, రాష్ట్రం పోయి ఐదేండ్లాయె, ఇంకా నన్నడగలే నన్నడగలే అంటనే ఉన్నది."

అందరూ గొల్లున నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. అందులో కోపం తెచ్చుకోవాల్సింది ఏమీ లేదని ఇప్పుడు తెలుస్తుంది. ఆ నిమిషంలో మాత్రం చెవులు వేడెక్కాయి.

"మీకేం అన్నా, ఎన్నైనా చెబుతారు. బయటికి రావాలని ఓటు మీరు వేశారు, వేసి మీరు హాయిగా అమెరికా వచ్చేశారు. సామాను సర్దుకుని పోయింది ఆ కింది ఇంటావిడ" అన్నాను.

నవ్వులు ఆగలేదు వెంటనే. చాలామందికి ఆ మాట అర్థం కాలేదు. అర్థమైన వాళ్లు ముగ్గురే. ఆయన, ఆయన భార్య, పెరుగన్నం పెట్టించుకోవడానికి ఖాళీ ప్లేటుతో నా మోచేతి పక్కనే నిలబడ్డ వాళ్ల అమ్మాయి. ఆ పిల్ల అక్కడ ఉందని నేను చూడలేదు. ఈ వాక్యం నేను ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. చూసి ఉంటే ఆగేదాన్నా అన్నది మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.

"నాన్నా," అంది ఆ పిల్ల. "బట్ నువ్వు బూనికి యెస్ చెప్పావ్. నేను అక్కడే ఉన్నా. యూ సెడ్ యెస్."

ఆయన కూతురి వైపు చూశాడు. నా వైపు చూడలేదు. ఆ పిల్ల ఏడవలేదు. ఏదో కష్టమైన లెక్క చేస్తున్నదానిలా తండ్రి మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. పదేళ్ల పిల్ల కళ్లలో ఒక నమ్మకం వెనక్కి వెళ్లిపోవడం నేను అడుగు దూరంలోంచి చూశాను.

ఆయన భార్య చేతిలో ప్లేటు కౌంటర్ మీద పెట్టి, "పా, ఇంటికి పోదాం" అంది. చెప్పులు వేసుకుని ముగ్గురూ వెళ్లిపోయారు. ఎవరో నన్ను ఏమైంది అని అడిగారు. ఏమీ లేదు అన్నాను. అది అబద్ధం.

సోమవారం పొద్దున ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. ఇకనుంచి నేను విడిగా వస్తాను అని ఒక్క వాక్యం, ఇంగ్లీషులో. ఆఫీసులో ఎదురుపడితే తల ఊపేవాడు. వారం తర్వాత ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. ఆయన బయట ఆకులు ఊడుస్తున్నాడు.

"అన్నా, నన్ను క్షమించండి" అన్నాను. ఇంకా చాలా చెప్పాలని వచ్చాను, అదే బయటికి వచ్చింది.

"నువ్వు అబద్ధం చెప్పలే గదా" అన్నాడు. ఊడ్చడం ఆపలేదు.

"మీరు తిట్టండి. ఇలా మాట్లాడకండి."

"ఎందుకు తిడత? నేను చెప్పకుండ నీకెట్ల తెలుస్తది? చెప్పింది నేనే." కాసేపటికి రేక్ పక్కన పెట్టాడు. "బిడ్డ మాట్లాడుతలేదు చెల్లె. అంటే, మాట్లాడుతది. అన్నం పెట్టు, స్కూల్‌కు లేట్ అయితుంది, గంతే. ముందటి లెక్క ఏమడుగుతలేదు. అడిగితే చెప్పాలె అని కూసుంటున్న. అడుగుతలేదు."

లోపల కిటికీ దగ్గర ఆయన భార్య కనబడింది. నన్ను చూసి పక్కకు జరిగింది. నేను వచ్చేశాను.

మార్చిలో కరోనాతో ఆఫీసులు మూతబడ్డాయి. అందరం ఇళ్లలోంచే పని. ఆయన్ని స్క్రీన్ మీద చిన్న చతురస్రంలో చూసేదాన్ని, అదీ కెమెరా పెట్టినప్పుడు. ఆ ఏడాదే నాకు అమెరికన్ సిటిజన్‌షిప్ వచ్చింది, నవంబరులో మొదటిసారి ఓటు వేశాను. పోస్టులో బ్యాలెట్ వచ్చింది. పెద్ద పదవుల పేర్లన్నీ నిమిషాల్లో నింపేశాను. చివర్లో ఒక స్థానిక ప్రశ్న ఉంది. ఖాళీగా ఉన్న ఒక స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టనివ్వాలా, వద్దా అని. మా వీధిలో అందరూ వద్దనే వేస్తున్నారు. ట్రాఫిక్ పెరుగుతుంది, స్కూళ్లు నిండిపోతాయి. నాకూ వద్దనే ఉంది.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అక్కడ రేపు ఉండబోయే వాళ్లెవరికీ ఈ కాగితం వెళ్లలేదు కదా అనిపించింది. పదహారేళ్ల కిందట నేను అలాంటి అపార్ట్‌మెంటులోనే నలుగురితో కలిసి దిగాను. ఎవరు నన్ను రానిచ్చారో ఎప్పుడూ ఆలోచించలేదు. నా ఎదురు కుర్చీలో ఎవరో కూర్చుని, నువ్వు మాకే వేశావు కదా అని అడగబోతున్నట్టు అనిపించింది. ఆ గడి ఖాళీగా వదిలేసి కవరు అంటించాను. అది న్యాయం కోసం చేసిన పని కాదు. ఎవరైనా అడిగితే ఎటూ వేయలేదని నిజం చెప్పుకోవడానికి చేసిన పని. ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు రాలేదు.

ఆ తర్వాతి ఏడాది వాళ్లు జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గరి కమ్మింగ్‌కి మారిపోయారు. వెళ్లేముందు ఫోన్ చేసి చెప్పాడు, మర్యాదగా. అప్పుడప్పుడూ పండగలకు మెసేజ్‌లు. అంతే.

పోయిన వేసవిలో పని మీద అట్లాంటా వెళ్లాల్సి వచ్చింది. మెసేజ్ పెట్టాను. ఇంటికి రమ్మని రాశాడు. ధైర్యం చేసి వెళ్లాను. ఆయన జుట్టు బాగా నెరిసింది. ఆయన భార్య నాకు వడ్డించింది, నెయ్యి వేసింది, ఆప్యాయంగానే మాట్లాడింది. వాళ్ల అమ్మాయికి ఇప్పుడు పదహారేళ్లు. బ్రిటిష్ యాస జాడ కూడా లేదు. భోజనం దగ్గర ఎవరూ రాజకీయాలు ఎత్తలేదు. టీవీ ఆపేసి ఉంది. ఆయన ఉద్యోగాల గురించి, ఎండల గురించి మాట్లాడాడు. నేను కూడా ఎండల గురించే మాట్లాడాను.

సాయంత్రం నన్ను హోటల్‌కి దింపడానికి ఆ అమ్మాయి వచ్చింది. కొత్తగా లైసెన్స్ వచ్చిందట. హోటల్ ముందు కారు పార్క్ చేసి ఇంజన్ ఆపేసింది. నన్ను దిగనివ్వలేదు.

"ఆంటీ, మీకు ఒకటి చెప్పాలి. మీకే చెప్పాలి, బికాజ్ మీకు తెలుసు కదా."

ఆ పాట్‌లక్ అయిన నెలకు బూనికి ఉత్తరం రాసిందట. ఎవరికీ చెప్పకుండా, పాత క్లాస్‌మేట్ వాళ్ల అమ్మ ద్వారా అడ్రస్ సంపాదించింది. ఉత్తరంలో తండ్రి ఓటు సంగతి మొత్తం రాసింది. తర్వాత ఆ పేజీ చించేసింది.

"బూని ఏడుస్తుంది కదా. సో నేను స్కూల్ గురించి, స్నో గురించి రాశా."

"జవాబు వచ్చిందా అమ్మా?"

ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంది. ఎవరి చేతో ఇంగ్లీషులోకి మార్పించి రాసిన ఉత్తరం. సొంత ఊరు చేరామని, మోకాళ్ల నొప్పులని, కుక్కను పెంచుకుంటున్నామని. చివర్లో ఉన్న మాటలు ఆ అమ్మాయి చదివి వినిపించింది. మీ నాన్నను తలుచుకోని రోజు లేదు, ఆ దేశం మమ్మల్ని వద్దంది కానీ పై ఇంటి ఇండియన్ మా కోసం ఓటు వేశాడు అని ఊళ్లో అందరికీ చెబుతుంటాను, అని ఉంది.

"ఐదేళ్లు అయింది ఆంటీ. నాన్నకి చూపించలేదు. నేను కూడా అబద్ధం చెప్పినట్టే కదా? షీ థింక్స్ ఇట్స్ ట్రూ, నేను అలాగే ఉంచేశా." స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తోంది. "నాన్నకి ఇవ్వాలా? మీరు చెప్పండి."

ప్రతిదానికీ అభిప్రాయం ఉన్న మనిషిని నేను. ఆ రోజు మా ఇంట్లో ఆ ఒక్క మాట నేను మింగి ఉంటే, ఈ పిల్ల ఇంత బరువు ఇన్నేళ్లు మోసేది కాదు. ఇవ్వమంటే ఆయన ఏమవుతాడో తెలియదు. వద్దంటే ఈ పిల్ల ఏమవుతుందో తెలియదు.

"నాకు తెలియదమ్మా. నిజంగా తెలియదు. కానీ ఆ రోజు నేను అన్నది నీకోసం కాదు, నిజం కోసం కూడా కాదు. నా రోషం కోసం అన్నాను. నన్ను క్షమించు" అన్నాను.

"ఐ నో" అంది. కోపంగా కాదు. ఎప్పుడో తేల్చుకున్న సంగతిలాగా. డోర్ లాక్ తీసింది.

డిసెంబరులో ఒక ఆదివారం ఆయనే ఫోన్ చేశాడు. జార్జియా వెళ్లాక ఆయన దగ్గర్నుంచి ఫోన్ రావడం అదే మొదలు. కూతురు ఉత్తరం ఇచ్చిందట. ఆయన చదివి, అడ్రస్ అడిగి తీసుకుని, నాలుగు రోజులు కూర్చుని ఒక పేజీ రాశాడు. మీరు మెట్ల దగ్గర అడిగిన రోజు నేను అబద్ధం చెప్పాను, బయటికి రావాలనే వేశాను, అని. పోస్టు చేసి రెండు నెలలు దాటింది. జవాబు లేదు.

"వస్తుందేమో అన్నా. దూరం కదా" అన్నాను.

"రాదు చెల్లె. ఊళ్లె అందరికి చెప్పుకున్నది గదా పాపం. ఇప్పుడు వాళ్లకేమని చెప్తది?"

కూతురు ఎలా ఉందని అడిగాను. మాట్లాడుతోందని చెప్పాడు. తనే పోస్టాఫీసుకు తీసుకెళ్లిందట. స్టాంపు తనే అంటించిందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు కొంచెం తేలికపడింది.

అడగకూడదని తెలిసీ అడిగాను. "అన్నా, మళ్లీ ఆ రోజే వస్తే ఎటు వేస్తారు?"



"అటే వేస్తనేమో" అన్నాడు. "ఆ పద్నాలుగు నెలలు పోలే గదా నా లోపటికెళ్లి. ఆమె మంచిదని తెలిసి గూడ అటే వేస్తనేమో. గదే నన్ను ఇడుస్తలేదు."

చలి ఎట్లున్నది అక్కడ అని ఆయనే అడిగాడు. మంచు ఇంకా పడలేదని చెప్పాను.